రాయని మూడో చీటీ

అతని అసలు పేరు జీతాల రిజిస్టర్లో ఉండేది గానీ హార్బర్లో ఎవరి నోటా వినిపించేది కాదు. పెద్దవాళ్ళకి నిదానం, చిన్నవాళ్ళకి నిదానం బాబాయి. ఇరవై ఆరేళ్ళు గట్టు చివరి గదిలో కూర్చుని, వచ్చే పోయే ప్రతి లాంచీకీ మైకులో "నిదానం, నిదానం" అని చెప్పిన మనిషికి ఇంకో పేరు ఎలా నిలుస్తుంది?

ఆ ఉద్యోగం అతను కోరి తెచ్చుకున్నది కాదు. ఇరవై రెండేళ్ళప్పుడు తాళ్ళు కట్టే పనిలో చేరాడు. ఓడ గట్టుకి చేరగానే పైనుంచి విసిరిన తాడు అందుకుని ఇనప దిమ్మకి చుట్టాలి. మూడో ఏట ఒక మధ్యాహ్నం అలా చుడుతుండగా ఎవరిదో లాంచీ పక్కనుంచి జోరుగా దూసుకుపోయింది. దాని అలకి ఓడ ఒక్క ఊపున గట్టుకి దూరం జరిగింది. తాడు బిగిసింది. ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ తాడుకీ దిమ్మకీ మధ్య ఉండిపోయాయి. నొప్పి తర్వాత తెలిసింది. ముందు వినిపించింది ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు. ఆ లాంచీ నడిపినవాడు వెనక్కి తిరిగి చూడలేదు. వెనక ఏదో జరిగిందని వాడికి ఇప్పటికీ తెలియకపోవచ్చు. అందరికీ ఆ కథ చెప్పేటప్పుడు నిదానం వేళ్ళ గురించి రెండు ముక్కలే చెప్పేవాడు. "వాడికి తెలీనే తెలీదు చూడు" అన్నమాట మాత్రం ప్రతిసారీ రెండుసార్లు అనేవాడు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆఫీసువాళ్ళు అతన్ని వేగం చూసే గదిలో కూర్చోబెట్టారు. మూడువైపులా అద్దాలు, ఒక బల్ల, కుర్చీ, మైకు, మెడలో స్టాప్‌వాచీ, గీతల పుస్తకం, చీటీల కట్ట. గట్టు పొడవునా రెండు తెల్ల స్తంభాలు పాతి ఉండేవి. వాటి మధ్య రెండొందల యాభై మీటర్లు. హార్బర్ లోపల ఏ పడవా ఐదు నాట్లకి, అంటే గంటకి తొమ్మిది కిలోమీటర్లకి, మించి పోకూడదు. ఆ లెక్కన మొదటి స్తంభం నుంచి రెండో స్తంభానికి తొంభై ఏడు సెకన్లు పట్టాలి. అంతకంటే ముందే చేరితే చీటీ. ఏడాదిలో మొదటి చీటీ హెచ్చరిక, రెండోదీ హెచ్చరికే, మూడో చీటీ రాస్తే లాంచీ నడిపే సరంగు లైసెన్సు మూడు నెలలు ఆఫీసు బీరువాలో పడుకుంటుంది.

"ఎనిమిది వేళ్ళతో తొంభై ఏడు ఎలా లెక్కపెడతావు నిదానం?" అని సరంగులు వేళాకోళం చేసేవారు.

"మిగతా ఎనభై తొమ్మిదీ నీ లైసెన్సు మీద పెట్టి లెక్కేస్తా" అనేవాడు.

నవ్వేవారు, కానీ ఇంజను తగ్గించేవారు. ముఖం చూసి బొట్టు పెట్టే మనిషి కాదని అందరికీ తెలుసు. ఒకసారి హార్బర్ ఆఫీసరు సొంత పడవకే చీటీ రాశాడు. ఆయన మొహం ముడుచుకున్నాడు గానీ చింపెయ్యమని అడగలేదు.

నిదానానికి పిల్లల్లేరు. పెళ్ళయిన రెండో ఏడు అత్తగారు పోతూ తొమ్మిదేళ్ళ కొడుకుని కూతురి చేతిలో పెట్టింది. బావమరిది బావ బతుకు కోరతాడంటారు. ఇక్కడ బావే బావమరిది బతుక్కి పూచీపడ్డాడు. ఈత నేర్పాడు, తెడ్డు పట్టడం నేర్పాడు, సరంగు పరీక్షకి దగ్గర కూర్చోబెట్టి చదివించాడు. ముప్ఫై రెండేళ్ళొచ్చి, పెళ్ళయి, వీధి చివర వేరే కాపురం పెట్టినా అతను ఆ ఇంట్లో చిన్నోడే. నెమ్మది తెలియని మనిషి. నడిచేవాడు కాదు, ఉరికేవాడు. మాట పూర్తయ్యేలోపు లేచిపోయేవాడు. "ఒకే ఇంట్లో బ్రేకూ, యాక్సిలేటరూ" అని హార్బర్లో నవ్వుకునేవారు.

ఆ ఏడాది ఎండలు ముదిరేవేళ కొత్త కంపెనీ లాంచీలు దిగాయి. తెల్లటివి, జంట ఇంజన్లవి. "పదకొండు నిమిషాల్లో అవతలి గట్టుకి" అని వాటి పక్కన మనిషెత్తు అక్షరాలతో రాసి ఉంది. చిన్నోడికి అందులో సరంగు ఉద్యోగం దొరికింది. ఇంటికొచ్చి కొత్త చొక్కా చూపించి అక్క కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

నిదానం ఆ అక్షరాలు చదివి గదిలో కూర్చుని లెక్క వేశాడు. బయట నీళ్ళలో ఎంత జోరుగా పోయినా, లోపల హద్దు పాటిస్తే పద్నాలుగు నిమిషాలకి తగ్గదు. మళ్ళీ వేశాడు. పద్నాలుగే వచ్చింది.

"మూడు నిమిషాలు ఎక్కణ్ణుంచి తెస్తార్రా?" అని ఆ సాయంత్రం చిన్నోణ్ణి అడిగాడు.

"అవన్నీ ఆఫీసువాళ్ళు చూసుకుంటారు బావా. నాకిచ్చింది టైము కాగితం. ఆలస్యమైతే నన్నడుగుతారు."

"తొందరైతే నేనడుగుతాను."

"అడుగు. నువ్వేగా" అని నవ్వి వెళ్ళిపోయాడు.

మొదటి చీటీ రెండో వారంలో రాశాడు. డెబ్భై ఎనిమిది సెకన్లు. రెండోది నెల తిరక్కుండానే. అరవై తొమ్మిది. రెండో చీటీ చేతికిచ్చిన రోజు చిన్నోడు నవ్వలేదు. మడిచి జేబులో పెట్టుకుని, "ఇంకొకటి రాస్తే మూడు నెలలు ఇంట్లో కూర్చోవాలి బావా. అప్పటిదాకా నా సీటు ఖాళీగా ఉంచరు" అన్నాడు.

"అయితే రాసే పని పెట్టకు."

ఆ రాత్రి భోజనాల దగ్గర భార్య, "వాడి భార్యకి నెల తప్పింది" అంది.  ఆ మాట ఇప్పుడెందుకు అందో ఇద్దరికీ తెలుసు.

మర్నాడు హార్బర్ ఆఫీసరు గదికొచ్చాడు. పాతాయన కాదు, ఈయన వచ్చి ఏడాదే. అద్దంలోంచి నీళ్ళు చూస్తూ నుంచుని, "ఈ కంపెనీ వాళ్ళ మూలంగా హార్బర్‌కి కళ వచ్చిందయ్యా" అన్నాడు. "పాత వాచీ కదా ఇది. అటూ ఇటూ చూపిస్తుందేమో, కాస్త చూసి రాయి."

"వాచీ బాగానే ఉంది సార్."

"చూసి రాయమన్నాను. రాయొద్దనలేదు" అని ఆయన మెట్లు దిగిపోయాడు.

నాలుగో రోజు సాయంత్రం చిన్నోడి లాంచీ రెండో స్తంభం దాటింది. నిదానం వాచీ నొక్కాడు. అరవై ఒకటి. పెన్ను తీశాడు. చీటీల కట్ట దగ్గరికి లాక్కున్నాడు. చాలాసేపు అలాగే కూర్చున్నాడు. చివరికి కట్ట పక్కకి నెట్టి, పుస్తకంలో తేదీ వేసి, లాంచీ నంబరు వేసి, ఎదురుగా తొంభై ఏడు అని రాశాడు. ఆ అంకె మిగతా అంకెల కంటే అందంగా వచ్చింది. ఒక్కసారికే కదా అనుకున్నాడు. తెల్లారి కూర్చోబెట్టి గట్టిగా చెప్దామనుకున్నాడు.

చెప్పాడు కూడా. చిన్నోడు బుద్ధిగా తల ఊపాడు. కానీ చీటీ రాలేదన్న సంగతి వాడికి ముందే తెలుసు. చెప్పిన మాటకంటే రాయని చీటీ గట్టిగా వినపడింది. ఆ వారం అరవై, పై వారం యాభై ఎనిమిది, తర్వాత యాభై నాలుగు. పుస్తకంలో మాత్రం తొంభై ఏడు కింద తొంభై ఏడు. మొదటిది రాయడానికి చాలాసేపు పట్టింది. పదోది రాయడానికి క్షణం పట్టలేదు. అదే నిదానాన్ని ఎక్కువ భయపెట్టింది.

హార్బర్ మాత్రం పుస్తకంలా ఊరుకోలేదు. గట్టు రాళ్ళ సందుల్లో సిమెంటు ఊడి నీళ్ళలో పడటం మొదలైంది. కట్టేసిన పడవలు ఒకదాన్నొకటి గుద్దుకుని పెచ్చులు లేచాయి. డీజిలు పోసే తేలుడు బల్ల గొలుసు రెండుసార్లు తెగింది. నిదానం ఇల్లు తాళ్ళ గోదాము వెనక, నీళ్ళకి నలభై అడుగుల దూరంలో. సాయంత్రం లాంచీ పోయిన అరనిమిషానికి అలమర్లో గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గణగణమనేవి. ఒకరోజు అతను ఇంటికొచ్చేసరికి గ్లాసులన్నీ నేలమీది గూట్లోకి దిగి ఉన్నాయి.  

హార్బర్‌కి ఆ పక్కన వర్క్‌షాపూ, సరుకు మీద కప్పే పరదాలు కుట్టే షెడ్డూ ఉన్నాయి. చుట్టూ తిరిగి నడిస్తే అరగంట. అందుకని పనివాళ్ళు తెడ్ల పడవలో అడ్డంగా దాటేవారు. ఆ పడవ నడిపేది అరవై దాటిన ఒక ఆడమనిషి. పడవ పెద్దమ్మ అనేవారు. ఆమె ఒకరోజు మెట్లెక్కి గదిలోకొచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏరా, కళ్ళు కనపడటం మానేశాయా?"

"ఏమైంది పెద్దమ్మా?"

"లాంచీ మలుపు తిరగకముందే పడవ ఎక్కే మెట్ల దగ్గర నీళ్ళు వెనక్కి పోతున్నాయి. ఎవరో ఊపిరి లోపలికి లాగినట్టు. నలభై ఏళ్ళలో నేను చూడలేదు. వచ్చే అలకి నేను భయపడను, ముక్కు అటు తిప్పితే పడవ ఎక్కి దిగుతుంది. గోడకి కొట్టుకుని తిరిగొచ్చేది ఉంది చూడు, అది పక్కనుంచి వస్తుంది. రెండూ ఒక్కచోట కలిశాయంటే నా చేతుల్లో ఏమీ ఉండదు."

"చెప్తాను పెద్దమ్మా."

"చెప్పడం కాదు, రాయి. నీ మాట నీ ఇంట్లోనే చెల్లట్లేదని అందరికీ తెలుసు."

నిదానం తల దించుకున్నాడు. ఆ సాయంత్రం లాంచీ యాభై రెండు సెకన్లలో దాటింది. అతను తొంభై ఏడు రాశాడు. ఇప్పుడు చీటీ రాస్తే, ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదని అడుగుతారు. మొదటి అబద్ధానికి చిన్నోడు కారణం. ఇప్పుడు రాస్తున్నవాటికి తానే కారణమని అతనికి అర్థమవుతూనే ఉంది.

అది జరిగిన రోజు పొద్దుట్నుంచీ మబ్బు. గాలి లేదు. నీళ్ళు సీసం రంగులో బరువుగా ఉన్నాయి. సాయంత్రం ఐదున్నరకి వర్క్‌షాపు వదిలారు. పెద్దమ్మ పడవలో ఏడుగురు ఎక్కారు. చినుకులు పడేలా ఉన్నాయని ఎవరూ రెండో విడతకి ఆగలేదు. నిదానం అద్దంలోంచి చూసి, ఆరుగురి పడవ కదా అనుకున్నాడు. అనుకుంటుండగానే మలుపు అవతల జంట ఇంజన్ల మోత వినపడింది. అవతలి గట్టున ఏదో మరమ్మతు వల్ల లాంచీ ఆ రోజు ఎనిమిది నిమిషాలు వెనకబడింది.

మొదటి స్తంభం దగ్గర దాని ముక్కు నీళ్ళమీంచి పైకి లేచి ఉంది. నిదానం మైకు లాక్కుని, "నిదానం. చిన్నోడా, తగ్గించు, పడవుంది" అన్నాడు. ఆ మోతలో తన గొంతు తనకే వినపడలేదు. పడవ పక్కనుంచి పాతిక గజాల దూరంలో లాంచీ దాటిపోయింది. రెండో స్తంభం దాటాక చెయ్యి దానంతటదే వాచీ నొక్కింది. నలభై మూడు.

మెట్ల దగ్గర నీళ్ళు అప్పటికే వెనక్కి పోయి ఉన్నాయి. ఎప్పుడూ మునిగుండే రెండు మెట్లు నాచుతో సహా బయటపడ్డాయి. పెద్దమ్మ లేచి నిలబడి తెడ్డు వేసి పడవ ముక్కు అల వైపు తిప్పింది. పడవ ఎక్కింది, దిగింది. లోపల ఎవరో నవ్వారు కూడా. అప్పుడు గోడకి కొట్టుకుని తిరిగొచ్చిన అల పక్కనుంచి వచ్చింది. చప్పుడేమీ లేదు. పడవ నిద్రలో మనిషి ఒత్తిగిలినట్టు మెల్లగా పక్కకి తిరిగి బోర్లాపడింది.

నిదానం మెట్లన్నీ ఎలా దిగాడో తెలీదు. గది కింద కట్టిన చిన్న పడవ విప్పి, నీళ్ళలో తేలే చక్రాలు విసిరాడు, చేతికందినవాళ్ళని లాగాడు. డీజిలు బల్ల మీదివాళ్ళు దూకారు. పెద్దమ్మని భుజం విరిగి వేలాడుతుండగా పైకి తీశారు. ఆమెతో కలిపి ఆరుగురు బతికి బయటపడ్డారు. ఏడుగురూ ఆమే కలిపి ఎనిమిదిమంది. వర్క్‌షాపులో లేతు మిషను మీద పనిచేసే నడివయసు మనిషి ఆ చీకటి పడేలోపే దొరికాడు. పరదాల షెడ్డులో కుట్టుపని చేసే అక్కచెల్లెళ్ళలో చెల్లెలు మర్నాడు గట్టు కింద దొరికింది. ఆమెకి పంతొమ్మిదేళ్ళు.

చిన్నోడికి లాంచీ కట్టేశాకే తెలిసింది. టైము కాగితం చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. జనాన్ని చూసి ఆగిపోయి, "ఏమైంది బావా?" అని అడిగాడు. వాడికి నిజంగా తెలీదు. నిదానం నీళ్ళు కారుతున్న బట్టలతో వాడి మొహంలోకి చూశాడు. 

తొమ్మిదో రోజున విచారణ పెట్టారు. పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే భార్య గుమ్మంలో నిలబడింది.

"ఏం చెప్తారు?"

"తెలీదు."

"వాడు మన చేతుల్లో పెరిగాడండీ."

"పెద్దమ్మ మీదికి తోస్తున్నారు. ఏడుగుర్ని ఎక్కించడమే తప్పంటున్నారు."

ఆమె లోపలికెళ్ళిపోయింది.

విచారణకి బయటి ఊరి నుంచి ఒక అధికారిణి వచ్చింది. నెమ్మదిగా పేజీలు తిప్పే మనిషి. కంపెనీ తరఫు లాయరు గీతల పుస్తకం ఆమె ముందు పెట్టి, "నాలుగు నెలలుగా మా సరంగు ఒక్క సెకను కూడా తప్పలేదు మేడం. ఆ రోజు పేజీలో ఏమీ రాయలేదు గానీ, ముందు రోజువరకూ తొంభై ఏడే. తెడ్ల పడవలో ఆరుగురికి చోటు, ఎక్కించింది ఏడుగుర్ని" అన్నాడు. వెనక బెంచీ మీద పెద్దమ్మ కట్టు కట్టిన భుజంతో కూర్చుని నేల చూస్తోంది. ఆమె పక్కన, చెల్లెల్ని పోగొట్టుకున్న అక్క. ఇంకో వరసలో చిన్నోడు. అతను ఈ తొమ్మిది రోజుల్లో సగమయ్యాడు.

అధికారిణి కళ్ళజోడు సర్దుకుని, "ఇది మీ చేతిరాతేనా?" అని అడిగింది.

"నాదేనండి."

"రోజూ సరిగ్గా ఒకటే అంకె ఉంది."

"అబద్ధం కాబట్టి ఉంది" అన్నాడు నిదానం. గదిలో ఎవరో కుర్చీ జరిపారు. "ఒక్కరోజు కూడా తొంభై ఏడు రాలేదు. అరవై, యాభై, అలా వచ్చింది. ఆ రోజు నలభై మూడు. అతను నా బావమరిది. రెండు చీటీలు రాశాను, మూడోది రాయలేకపోయాను. ఆరుగురున్నా ఆ అలకి పడవ నిలిచేది కాదు. పెద్దమ్మ నాకు ముందే చెప్పింది."

"రాయొద్దని మీకెవరైనా చెప్పారా?"

ఆఫీసరు గోడవైపు చూస్తున్నాడు. "చూసి రాయమన్నారు" అన్నాడు నిదానం. "రాయొద్దని ఎవరూ అనలేదు. అది నేనే అనుకున్నాను."

ఆ తర్వాత జరిగినవన్నీ జరగాల్సినవే. నిదానం ఉద్యోగం పోయింది. కోర్టులో చిన్నోడికి రెండేళ్ళు పడింది, లైసెన్సు శాశ్వతంగా పోయింది. జైలుకి వెళ్ళిన నెలలో కూతురు పుట్టింది. ఆఫీసర్ని వేరే చోటికి మార్చారు. కంపెనీవాళ్ళు లాంచీల మీది అక్షరాలు చెరిపి కొత్త రంగు వేశారు. పెద్దమ్మ మళ్ళీ తెడ్డు పట్టలేదు.

తీర్పు వచ్చిన వారానికి నిదానం పరదాల షెడ్డుకి వెళ్ళాడు. ఏం చెప్పాలో ఇంటిదగ్గర అనుకుని వెళ్ళాడు గానీ, గుమ్మంలోకి వచ్చేసరికి ఒక్కమాటా మిగల్లేదు. అక్క మిషను ఆపి తలెత్తింది.

"నాలుగు నెలలూనా?" అని అడిగింది.

"నాలుగు నెలలూ."

 ఆమె గుడ్డ సర్దుకుని మిషను తొక్కడం మొదలుపెట్టింది. అతను కాసేపు నిలబడి వచ్చేశాడు.

నిదానం తాళ్ళ గోదాములో తెగిన తాళ్ళు అతికే పనిలో కుదిరాడు. ఇంట్లో భార్య వండేది, వడ్డించేది, అవసరమైన మాట మాట్లాడేది. అంతకుమించి మాట కలవడానికి ఏడాది పైనే పట్టింది. అది కూడా ఒకరోజు పైకప్పు కారుతుంటే ఇద్దరూ కలిసి మంచం జరపాల్సొచ్చి, ఆ హడావిడిలో "అటు కాదండీ, ఇటు" అనడంతో మొదలైంది.

చిన్నోడు విడుదలైన నెలకి ఒక మధ్యాహ్నం వచ్చాడు. మెల్లగా నడిచి వచ్చాడు. ముందుగదిలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అక్క మంచినీళ్ళిచ్చి, వాడి తలమీద చెయ్యి వేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. 

"నేను నిజం చెప్పినందుకు కోపమా?" అని నిదానం అడిగాడు.

"అందుకు కాదు బావా." చిన్నోడు ఖాళీ గ్లాసు నేలమీద పెట్టాడు. "మూడోది రాసి ఉండాల్సింది. తిట్టుకునేవాణ్ణి. మూడు నెలలు నీ మొహం చూసేవాణ్ణి కాదు. అంతేగా."

నిదానం తన ఎడమచెయ్యి వైపు చూసుకున్నాడు. 

"ఎక్కడ పని?" అని అడిగాడు చివరికి.

"తీరం వెంట పైన కొత్త హార్బర్ కడుతున్నారు. లైసెన్సు లేకపోయినా డెక్కు మీద పనికి తీసుకున్నారు. అదే కంపెనీ. మూడు ఇంజన్ల లాంచీలు తెచ్చారు."

"అక్కడ హద్దెంత?"

"పెట్టలేదు ఇంకా. గది కట్టారు గానీ ఎవరూ కూర్చోవట్లేదు." చిన్నోడు గుమ్మంలోంచి నీళ్ళ వైపు చూస్తూ అన్నాడు. "నిన్న మెట్ల దగ్గర నిలబడి చూశాను బావా. లాంచీ కనపడకముందే నీళ్ళు వెనక్కి పోతున్నాయి. సరంగుకి చెప్పాను. కుర్రాడు, నవ్వాడు."

"పైవాళ్ళకి చెప్పు. కాగితం మీద రాసి ఇవ్వు."

"నా మాట ఎవరు వింటారు?"

"నేనొస్తాను" అన్నాడు నిదానం. అనేశాక, అది ఎంత పనికిమాలిన మాటో అతనికే తెలిసింది. ఆ రెండు హార్బర్లలో ఎక్కడా అతని చేతిరాతని నమ్మేవాళ్ళు లేరు. అయినా లేచి చొక్కా తొడుక్కున్నాడు. చిన్నోడూ లేచాడు. వంటింట్లోంచి భార్య వచ్చి, ఇద్దరినీ చూసి, "భోంచేసి వెళ్ళండి" అంది. ఆగితే బస్సు పోతుందని చెప్పి ఇద్దరూ వీధిలోకి దిగారు.